తల ఒకటంటే వేలు ఒకటంది

నేను ఒక రాతి పలకను. పలక అనగానే మీరు నన్ను ఏ బడిలోనో ఊహించుకుంటారు. కాని ఈ కథ మొదలయ్యేసరికి నేనొక గళ్ళ సంచిలో, రెండు నేతచీరలకూ మందుల డబ్బాకూ మధ్య ఇరుక్కుని ఉన్నాను. సంచి సర్దుతున్నది చెంచమ్మ. సర్దుతున్నది అనడం మర్యాదకే. చీర మడతపెట్టి లోపల పెట్టేది, మళ్ళీ బయటికి లాగి దులిపేది, ఇంకా గట్టిగా కుక్కేది. కోపంలో ఉన్న మనిషి సంచి సర్దితే ఆ కోపమంతా అడుగున ఉన్నవాళ్ళకు తగులుతుంది.

ప్రయాణం చెంచమ్మది కాదు, ఆమె వదిన, అంటే మొగుడి అక్క, శేషారత్నానిది. చీరాల పక్కన ఒక నేతవీధిలో, భర్తలు పోయాక ఒకే ఇంట్లో ఈ ఇద్దరే మిగిలారు. ఎండలు ముదిరేవేళ శేషారత్నానికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, కుడి కాలూ, వాటితో పాటే మాటా పడిపోయాయి. ఆమె మరిది కొడుకు మార్కండేయులు నెల్లూరులో కరెంటు ఆఫీసులో పనిచేస్తాడు. మంచాన పడ్డవాళ్ళను చూసుకునే ఆశ్రమం ఒకటి తన ఊళ్ళో ఉందనీ, పెద్దమ్మను అందులో చేరుస్తాననీ వచ్చాడు. చెడ్డవాడు కాడు. మంచం పక్కన నేలమీద కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని మరీ అడిగాడు.

"పెద్దమ్మా, నాతో నెల్లూరొస్తావా? అక్కడ బాగా చూస్తారు."

శేషారత్నం పెదాలు కదిలాయి. తల మెల్లగా పక్కకు వాలింది.

మన వైపు సరే అనడానికి నోరు అక్కర్లేదు. తల ఓ పక్కకు వాలిస్తే చాలు, బేరాలు తెగుతాయి, సంబంధాలు కుదురుతాయి. "సరేనంది" అన్నాడు మార్కండేయులు తేలిగ్గా ఊపిరి తీసుకుని. చెంచమ్మ వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెనే మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

వదిన వెళ్ళిపోతోందన్న బాధ ఒక ఎత్తు. అడగ్గానే, రవ్వంత ఆలోచించకుండా, సరేనన్నదే అన్న బాధ ఇంకో ఎత్తు. చెంచమ్మ ఎవరు గడప దాటినా దిగులుపడే మనిషి. పాలు పోసే ఆమె రావడం ఆలస్యమైతే కూడా వీధిలోకి తొంగి చూస్తుంది. అలాంటిదానికి, బతుకంతా పక్కనున్న మనిషి తల వాల్చి "పోతా" అన్నట్టు కనబడింది. మూడో రోజు మార్కండేయులు కారు మాట్లాడుకొస్తానని వెళ్ళాక, మంచం వైపు చూడకుండా సంచి సర్దడానికి కూర్చుంది.

నేను ఆ సంచిలోకి ఎందుకు చేరానంటే, గోడ మేకుకున్న సంచి కోసం చెంచమ్మ నన్ను తప్పించి పక్కన పెట్టబోతుంటే, శేషారత్నం ఎడమ చెయ్యి చాచి నా చట్రాన్ని పట్టుకుంది. లాగితే వదల్లేదు.

"నా పలక కూడా నీకే కావాలా? పట్టకపో!" అని చెంచమ్మ నన్ను సంచి అడుగున వేసింది. నన్నెందుకు పట్టుకుందని మాత్రం అడగలేదు. అలిగిన మనిషికి అడగడం తోచదు.

ఇంతకీ నా పుట్టుక చెప్పనేలేదు. నేను మార్కాపురం గనుల్లో పుట్టాను. అక్కడి రాయి పుస్తకంలో కాగితాల్లాగా పొరలు పొరలుగా పడుకుని ఉంటుంది. పనివాళ్ళు అంచున ఉలి పెట్టి చిన్న దెబ్బ కొడతారు, పొర విడివడుతుంది. భూమి పుట్టినప్పటి నుంచీ నా వీపుకు ఆనుకుని పడుకున్న పొర ఆ దెబ్బతో వేరైపోయింది. దాన్ని ఏ ఊరికి పంపారో నాకు తెలియదు. నన్ను నున్నగా అరగదీసి, చెక్క చట్రం బిగించి, గడ్డిలో చుట్టి చీరాల బజారుకు పంపారు. అక్కడ నన్ను కొన్నది శేషారత్నమే. మగ్గం మీద ఏ చీరకు ఏ రంగు అంచో గీతలు గీసి గుర్తు పెట్టుకోవడానికి నన్ను మగ్గం గుంట పక్కన వేలాడదీసింది. గీతలు తప్ప అక్షరాలు తెలియని ఇల్లది.

ఆ ఇంటికి కోడలుగా వచ్చిన చెంచమ్మ నామీద మొదటి అక్షరం రాసింది. ఆమె ఏ బడికీ వెళ్ళలేదు. మిల్లు నుంచి వచ్చే నూలు కట్టల మీద రంగు కాగితాలు అంటించి ఉండేవి. కండెలు చుట్టే తీరికలో వాటిని ఊడదీసి, వాటి మీద రాతను చూసి చూసి నామీద దించేది. వచ్చేపోయేవాళ్ళను "ఇదేందండీ, ఇదేందండీ" అని అడిగేది. అలా అడిగి అడిగి, తిరునాళ్ళలో అమ్మే కథల పుస్తకాలు చదివే దాకా వచ్చింది. పక్కన మగ్గం మీద ఉండే శేషారత్నానికి మాత్రం అక్షరాలు కూడబలుక్కోవడం పట్టుబడలేదు. ఒకసారి చూసిన పూల బుటాను మళ్ళీ చూడకుండా నేసే చెయ్యి ఆమెది. మాటను కూడా బుటాలాగానే ఒక్క ముక్కగా చూసి మనసులో పెట్టుకునేది. "ఇది చీర, ఇది నూలు" అని చెంచమ్మ ఒకసారి చెబితే చాలు, ఎప్పుడు రాసినా గుర్తుపట్టేది. అయినా ఆమెకు చదువొచ్చునని ఎవరూ అనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు.

అప్పట్లో వాళ్ళిద్దరికీ ఒక చిక్కు వచ్చిపడేది. కుండ అని రాస్తే కుండను చూపించవచ్చు. తాడు అని రాస్తే తాడును చూపించవచ్చు. "అనుమానం" అని రాసి దేన్ని చూపిస్తారు? చెంచమ్మ కాసేపు ఆలోచించి, నూలు షావుకారు తూకం వేసేటప్పుడు తాము చూసే చూపును మొహంలోకి తెచ్చుకుని చూపించింది. శేషారత్నం పడీపడీ నవ్వి, అదే చూపు తిరిగి చూసింది. ఆ మాట అలా నేర్చుకున్నారు. మనుషుల విచిత్రం నాకు అప్పుడే బోధపడింది. కంటికి కనిపించే కుండకు ఒక్క పేరుతో సరిపెట్టుకుంటారు. కనిపించకుండా తలలో జరిగేదానికి మాత్రం ఎన్ని పేర్లు! తెలిసింది, తోచింది, స్ఫురించింది, అనిపించింది, బుర్రకెక్కింది, మతికొచ్చింది. తలుపు లేని గది కాబట్టి కిటికీలు ఎక్కువ పెట్టుకున్నారేమో.

మళ్ళీ సంచి దగ్గరికి వస్తాను.

సంచి నోరు బిగించి కట్టాక చెంచమ్మకు కోపం పూర్తిగా పొంగింది. నడుం మీద చేతులు పెట్టుకుని మంచం ముందు నిలబడింది.

"పోతే పో. నేనేమన్నా నిన్ను పస్తులు పెట్టానా?"

శేషారత్నం పెదాలు వణికాయి. తల పక్కకు వాలింది.

"పెట్టానా! పొద్దున్నే జావ తాగించింది ఎవురు? నిన్ను తిట్టానా, కొట్టానా?"

తల వాలింది.

"అంటే నేను రాక్షసిననా నువ్వనేది?"

వాలింది.

"నేను మొగోణ్ణా?" కోపంలో నోటికొచ్చింది అడిగేసింది చెంచమ్మ.

తల అంతే ఒద్దికగా పక్కకు వాలింది.

చెంచమ్మ నడుం మీది చేతులు దించి మంచం అంచున కూర్చుంది. ఈసారి మెత్తగా అడిగింది.

"వదినా, మనమిప్పుడు మద్రాసులో ఉండామా?"

వాలింది.

"నీ పేరు చెంచమ్మా?"

వాలింది.

మాట్లాడదామని ప్రయత్నించినప్పుడల్లా ఆ పడిపోయిన మెడ పక్కకు ఒరిగిపోతోంది. ఆ ఒరగడాన్నే వీళ్ళు సరే అనుకున్నారు. అంటే వదిన తనను వదిలి వెళ్తానని అనలేదు! ఆ సంతోషం చెంచమ్మ మొహంలోకి వచ్చీ రాకముందే ఇంకో భయం పట్టుకుంది. మెడ నిలవక వాలుతోందా, మతి పోయి వాలుతోందా? మతే పోయి ఉంటే ఇంట్లో ఉంచుకున్నా, నెల్లూరు పంపినా, ఉన్నది వదిన కానట్టే కదా. మనిషి మంచం మీద ఉండగానే వెళ్ళిపోవడం అన్నిటికంటే పెద్ద ప్రయాణం. కారు వచ్చేలోగా ఆ సంగతి తేల్చుకోవాలి.

సంచి ముడి విప్పి, చీరలు చెదరగొట్టి నన్ను బయటికి లాగింది. గూట్లోంచి బలపం తీసింది. "నీళ్ళు" అని రాసి శేషారత్నం ఎడమ చేతి ముందు పెట్టింది. శేషారత్నం నన్ను తోసేసింది. తుడిచి "అన్నం" అని రాసింది. మళ్ళీ తోసింది, ఈసారి నేను మంచం మీద నుంచి జారి పడబోయాను. తోసింది నన్నే అయినా ఆ రోజు ఆమెతో నేను ఏకీభవించాను. మంచాన పడ్డ మనిషికి పొట్ట ఒక్కటే మిగిలిందని బయటివాళ్ళ నమ్మకం. ఆమెకు ఆకలీ లేదు, దాహమూ లేదు. చెప్పాల్సింది వేరే ఉంది.

చెంచమ్మ కొంగుతో నన్ను శుభ్రంగా తుడిచి, నాలుగు మూలలా నాలుగు మాటలు రాసింది. ఔను, కాదు, తెలుసు, తెలియదు. ఒక్కొక్కటీ వేలితో తాకుతూ పైకి చదివింది. శేషారత్నం కొత్త బుటాను చూసినట్టు చూసింది.

"నీ పేరు చెంచమ్మా?"

తల వాలింది. కాని ఎడమ చేతి వేలు పాకుతూ వచ్చి "కాదు" మీద ఆగింది.

చెంచమ్మ నన్ను ఇంకాస్త దగ్గరికి జరిపింది. "మరి నీ పేరేందో నీకు తెలుసా?"

వేలు "తెలుసు" దగ్గరికి వెళ్ళింది.

"నేను మొగోణ్ణా?"

వేలు లేచింది. "కాదు" వైపు వెళ్ళింది, అక్కడ ఆగలేదు. "ఔను" మీదుగా ఊరేగింది. చివరికి నెమ్మదిగా, గంభీరంగా "తెలియదు" మీద కూర్చుంది. శేషారత్నం ఎడమ పెదవి చివర కొంచెం పైకి లేచింది.

"నీ దుంప తెగ! మంచంలో పడీ ఎకసెక్కాలా!" అని చెంచమ్మ ఏడుస్తూ నవ్వుతూ వదిన భుజం మీద తల ఆన్చింది. మతి పోయిన మనిషి తిండి అడగగలదు, ఏడవగలదు, ఎకసెక్కం మాత్రం ఆడలేదు.

అదే సమయానికి గుమ్మం ముందు కారు ఆగింది. మార్కండేయులు లోపలికి వచ్చి, చిందరవందరగా పడివున్న చీరల్ని చూసి ఖంగుతిన్నాడు.

"ఏందత్తా ఇది? ఇంకా సర్దలేదా?"

"సర్దినదంతా పీకాను. మీ పెద్దమ్మ వస్తానని అనలేదు అబ్బాయ్. అది మెడ జారటం. కావాలంటే ఏదన్నా అడిగి చూడు, తలను కాదు, వేలిని అడుగు."

విన్నాడు గాని నమ్మలేదు. "అత్తా, ఉన్నవి నాలుగు మాటలు. చెయ్యి కదిలితే ఏదో ఒకదానికి తగులుద్ది. నీకు బెంగ, అందుకని అట్టా అనిపిస్తంది. పెద్దమ్మకు అసలు చదువు రాదు గదా?"

"అచ్చరాలు రావు. మాటలొచ్చు."

మార్కండేయులు నన్ను తీసుకున్నాడు. మాటలన్నీ తుడిచేసి, చెంచమ్మకు చూపించకుండా, తన చేత్తో మూలలు మార్చి మళ్ళీ రాశాడు. ఇదివరకు "కాదు" ఉన్న చోట "తెలుసు" వచ్చింది, "ఔను" ఉన్న చోట "కాదు" వచ్చింది. ఏది ఏదో పైకి చదవలేదు. పెద్దమ్మ ముందు పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"నేను మీ తమ్ముడి కొడుకునా?"

తల వాలింది. వేలు పాత చోటికి వెళ్ళబోయి ఆగింది. శేషారత్నం కళ్ళు నా నాలుగు మూలలూ వెతికాయి. వేలు అడ్డంగా పాకి, కొత్త చోటున్న "కాదు" మీద గట్టిగా నొక్కింది.

"మా నాయన నీకు మరిదని నీకు తెలుసా?"

వేలు "తెలుసు" దగ్గరికి వచ్చింది. ఒకసారి కాదు, పదే పదే కొట్టింది, ఇదా నువ్వడిగేది అన్నట్టు.

మార్కండేయులు మళ్ళీ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఈసారి చాలా నెమ్మదిగా అడిగాడు. "అయితే నెల్లూరొస్తావా పెద్దమ్మా?"

గది అంతా నా వైపు చూసింది. వేలు "ఔను" మీదికి వెళ్ళలేదు. "కాదు" మీదికీ వెళ్ళలేదు. నా మధ్యలో, ఏమీ రాయని చోట ఆగింది. అక్కడే ఉంది.

"అక్కడేం లేదుగా పెద్దమ్మా" అన్నాడతను దిగులుగా.

వేలు ఆ ఖాళీ చోటునే తట్టింది. మార్కండేయులు చెంచమ్మ వైపు చూశాడు, అంతా వట్టిదేనేమో అన్నట్టు. చెంచమ్మ మాత్రం వదిన మొహాన్ని చూస్తోంది. కొత్త చీర మగ్గమెక్కేముందు ఏ రంగు పక్కన ఏ రంగు వెయ్యాలా అని శేషారత్నం నుదురు ముడివేసేది. ఇప్పుడూ సగం నుదురు అలాగే ముడిపడి ఉంది. చెంచమ్మ బలపం తీసుకుని ఆ ఖాళీలో రాసి, పైకి చదివింది.

"ఆలోచిస్తున్నా."

శేషారత్నం అరచెయ్యి మొత్తం ఆ మాట మీద పరిచింది. కళ్ళు మూసుకుంది. ఇన్ని రోజుల్నుంచి మోస్తున్న బరువు దించినట్టు ఒక నిట్టూర్పు వచ్చింది ఆమె నుంచి.

"అయితే మొన్న నేనడిగినప్పుడు కూడా..." అని మార్కండేయులు ఆగిపోయాడు.

అరచెయ్యి అక్కణ్ణించి కదల్లేదు.

"మనిషి ఆలోచించుకుంటా ఉంటే మనం మూటలు కట్టేశాం అత్తా" అన్నాడతను. బయటికి వెళ్ళి కారతనికి ఏం చెప్పాడో గాని, కారు ఖాళీగా వెళ్ళిపోయిన చప్పుడు వినబడింది. చెంచమ్మ చీరల్ని ఏరి, ఈసారి అంచుకు అంచు కలిపి మడతపెట్టి పెట్టెలో పెట్టింది. ఆమె తనలో తానే ఏదో పాట తీస్తోంది. వెళ్ళేముందు మార్కండేయులు వీధి చివర ఉన్న నర్సమ్మతో, పొద్దునా సాయంత్రం వచ్చి పెద్దమ్మను లేపి కూర్చోబెట్టేట్టు మాట్లాడి వెళ్ళాడు. శేషారత్నం శ్రావణమాసం దాకా ఆలోచించి, నెల్లూరుకు "కాదు" చెప్పింది. ఎవరూ నొచ్చుకోలేదు. అడిగించుకుని కాదన్న మాటకు ఒక గౌరవం ఉంటుంది.

ఆ తర్వాత నాకు తీరిక లేకుండా పోయింది. చెంచమ్మ రోజుకో కొత్త మాట రాసేది, వదిన దాన్ని చూసి పెట్టుకునేది. పాలు పలచగా ఉన్న రోజు వేలు "అనుమానం" మీద వాలేది. చేదు మందు వేళకు "మర్చిపోయా" మీద వాలేది, అది పచ్చి అబద్ధమని ముగ్గురికీ తెలుసు. చెంచమ్మ వీధి కబుర్లు అదే పనిగా చెప్పుకుపోతుంటే "అర్థమైంది" మీద వాలేది. అంటే ఇక చాలించమని.

ఒకసారి ఏ మాట రాసినా నచ్చలేదు. చెంచమ్మ బజారు నుంచి ఆలస్యంగా వచ్చిన సాయంత్రమది. గుర్తు అని రాసింది, కాదంది. జ్ఞాపకం, కాదు. భయం, కొంచెం ఆలోచించి, కాదు. దిగులు, కాదు. చెంచమ్మ తనకు తెలిసిన మాటలన్నీ అయిపోయి, మర్నాడు నర్సమ్మను అడిగింది, పాలు పోసే ఆమెను అడిగింది, పాత తిరునాళ్ళ పుస్తకాలు తిరగేసింది. ఆ పుస్తకాల్లో ఒక మాట దొరికింది. వచ్చి నామీద రాసింది. "ధ్యాస."

వేలు ఆ మాటను తాకింది. తర్వాత లేచి చెంచమ్మ చెంపను తాకింది. మళ్ళీ మాటను తాకింది. ఎప్పుడూ తానే ఇతరుల కోసం వీధిలోకి తొంగి చూస్తాననుకున్న చెంచమ్మకు, తన కోసం కూడా ఒక మనిషి గుమ్మం వైపు చూస్తూ ఉంటుందని అప్పుడు తెలిసింది.

పండక్కి వచ్చిన మార్కండేయులు, కరెంటు స్తంభాల మీద నంబర్లు వేసే తెల్లరంగు కొంచెం తెచ్చాడు. చెంచమ్మ బలపంతో రాసిన మాటల మీదుగానే సన్న కుంచెతో దిద్దాడు, ఆమె "ధ" కొంచెం వంకరగా ఉంటే అదే వంకరతో. చెరిగిపోవడమే నా వృత్తి. ఆ రోజుతో నాకది తప్పింది. ఒక పలకకు అంతకంటే పెద్ద ఉద్యోగ విరమణ ఉండదు.

ఇప్పుడు మేమిద్దరం, శేషారత్నమూ నేనూ, నెల్లూరులో మార్కండేయులి ఇంట్లో ఉంటున్నాం. ఆశ్రమంలో కాదు. అడిగి, ఆలోచించుకోనిచ్చి, తీసుకొచ్చారు. ఎందుకు రావలసి వచ్చిందో కూడా చెప్పాలి.

చెంచమ్మ చెల్లెలు నరసరావుపేటలో ఉంటుంది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు రమ్మని ఆమె ఎన్నాళ్ళుగానో పిలుస్తోంది. వదినను వదిలి వెళ్ళనని చెంచమ్మ ఏటా తప్పించుకునేది. ఆ ఏడు శేషారత్నమే పంపింది. వేలు "ఔను" మీద పెట్టి తీయలేదు. చెంచమ్మ నవ్వుకుంటూ బస్సెక్కింది. కొండెక్కి, దేవుణ్ణి చూసి, చెల్లెలి ఇంట్లో పడుకుంది. తెల్లవారేసరికి నిద్రలోనే ప్రాణం పోయింది.

కబురు వచ్చాక ఇల్లంతా బంధువులతో నిండింది. వాకిట్లో గుసగుసలాడుకున్నారు. "ఆమెకు చెప్పకండి. ఊరెళ్ళిందని అనండి. మంచంలో ఉన్న మనిషి, ఆమెకేం తెలుస్తుంది?"

"తెలుస్తుంది" అన్నాడు మార్కండేయులు. "దాచటానికి మనమెవరం? నేను చెప్తా."

లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. మంచం పక్కన కూర్చుని, నన్ను తన ఒళ్ళో కాకుండా ఆమె ఒళ్ళో పెట్టాడు. ఏ మాటనూ చుట్టు తిప్పలేదు. "పెద్దమ్మా, చెంచత్త చనిపోయింది. రాత్రి, నిద్రలో. బాధ పడలేదంట."

శేషారత్నం తల పక్కకు వాలింది. ఆ గదిలో దాన్ని ఎవరూ సరే అని చదవలేదు. అతను ఆమె చేతి కోసం ఆగాడు, ఎంతసేపైనా ఆగేట్టు. చాలాసేపటికి వేలు కదిలి "అర్థమైంది" మీదికి వచ్చింది. అతను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆమె కూడా ఏడ్చింది. నాకు ఏడవడం తెలియదు గాని, ఊరట అంటే ఏమిటో తెలుసు. ఊరెళ్ళిందని చెప్పి ఉంటే ఆమె ఇవాళ్టికీ గుమ్మం వైపు చూస్తూ ఉండేది.

చెంచమ్మ తిరిగి రాలేదు. శివరాత్రి వెళ్ళిన మర్నాడు, మాఘ అమావాస్య నాడు పోయింది.